అమెరికా కుటుంబ వలస వీసా ఇంటర్వ్యూ: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉన్న అయినవారు వేసిన పిటిషన్ నెలలో, ఏళ్లో నడిచి, చివరికి ఎంబసీలోనో కాన్సులేట్‌లోనో అధికారి ముందు నిలబడే రోజు వస్తుంది. ఆ రోజు గురించి కుటుంబాల్లో ఉండే భయంలో చాలా భాగం అక్కర్లేనిది. అవసరమైన జాగ్రత్తను మాత్రం చాలామంది వేరేచోట పెడుతున్నారు. ఇంగ్లీషు ఎలా మాట్లాడాలి, ఎలాంటి బట్టలు వేసుకోవాలి అని ఆలోచించినంతగా, తమ పేరు మీద ఇప్పటికే దాఖలైన కాగితాల్లో ఏం రాసి ఉందో చదువుకోవడం లేదు. అధికారి మాట్లాడేది ఆ కాగితాలను ముందు పెట్టుకునే కాబట్టి, కింది జవాబులన్నింటిలోనూ ఆ విషయం మళ్లీ మళ్లీ వస్తుంది.

ఈ ఇంటర్వ్యూలో అధికారి ఏం తేల్చుకోవాలనుకుంటారు?

ముఖ్యంగా మూడు విషయాలు. పిటిషన్‌లో చెప్పిన బంధుత్వం నిజమైనదేనా, అమెరికా వలస చట్టం ప్రకారం మిమ్మల్ని అనర్హులను చేసే కారణం ఏదైనా ఉందా, అక్కడికి వెళ్లాక ప్రభుత్వ సాయం మీద ఆధారపడకుండా మిమ్మల్ని ఆదుకునేవారు ఉన్నారా అన్నవి ఆ మూడు. మీకు అర్హత ఉందని నిరూపించుకునే బాధ్యతను చట్టం మీ మీదే పెట్టింది. అయితే ఆ నిరూపణలో చాలా భాగం మీ బంధువు వేసిన ఐ-130 పిటిషన్, మీరు ఆన్‌లైన్‌లో నింపిన డీఎస్-260 వీసా దరఖాస్తు, మిమ్మల్ని ఆర్థికంగా ఆదుకుంటానని స్పాన్సర్ ఇచ్చే ఐ-864 అఫిడవిట్, వాటికి జతచేసిన పత్రాల రూపంలో మీకంటే ముందే అధికారి చేతికి చేరి ఉంటుంది. అందువల్ల కౌంటర్ దగ్గర జరిగే సంభాషణ చాలామందికి కొద్ది నిమిషాల్లోనే ముగుస్తుంది. త్వరగా ముగిసినంత మాత్రాన అనుమానించారని గానీ, నిర్లక్ష్యం చేశారని గానీ అనుకోనక్కర్లేదు.

పర్యాటక వీసా ఇంటర్వ్యూకు సిద్ధమైనట్టే దీనికీ సిద్ధమైతే సరిపోదా?

సరిపోదు, పైగా ఇబ్బంది తెచ్చిపెట్టవచ్చు. పర్యాటక వీసా అడిగేవారు తిరిగి వచ్చేస్తామని అధికారిని నమ్మించాలి. ఇక్కడ మీరు అడుగుతున్నదే శాశ్వత నివాసం. ఒకప్పుడు పర్యాటక వీసా కోసం వల్లె వేసిన జవాబులు నాలుక మీద ఉండిపోయి, “అమెరికా ఎందుకు వెళ్తున్నారు?” అని అడగగానే “కొన్నాళ్లు ఉండి వచ్చేస్తాను” అనే పెద్దవారు ఉంటారు. పిల్లల దగ్గర స్థిరపడటానికి వలస వీసా అడుగుతూ అలా చెప్తే, ఆ వీసా మీకు ఎందుకన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. అక్కడ నివసించడానికే వెళ్తున్నానని తిన్నగా చెప్పడంలో తప్పేమీ లేదు.

ఇంటర్వ్యూ తేదీ ఎప్పుడు, ఎలా ఖరారవుతుంది?

అది మీ కేసు ఏ వర్గంలోకి వస్తుందో దాన్ని బట్టి ఉంటుంది. అమెరికా పౌరుల భార్య లేదా భర్త, పెళ్లికాని 21 ఏళ్లలోపు పిల్లలు, 21 ఏళ్లు నిండిన పౌరుల తల్లిదండ్రులు ‘దగ్గరి బంధువుల’ వర్గంలోకి వస్తారు. వీరికి వార్షిక పరిమితి లేదు. మిగిలినవారు ఎఫ్1 నుంచి ఎఫ్4 వరకు ఉన్న ప్రాధాన్య వర్గాల్లో నిలబడాలి. గ్రీన్ కార్డు ఉన్నవారి జీవిత భాగస్వామి, పిల్లలు ఎఫ్2ఏలో, పౌరుల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఎఫ్4లో ఉంటారు. ఏడాదికి సుమారు 2,26,000 వీసాలే ఈ వర్గాలన్నింటికీ కలిపి ఉండటం, ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి వెళ్లకూడదన్న నియమం కూడా తోడవడం వల్ల కొన్ని దేశాలవారికి నిరీక్షణ పదేళ్లు కూడా దాటుతోంది. ప్రతి నెలా అమెరికా విదేశాంగ శాఖ వెలువరించే వీసా బులెటిన్‌లో మీ వర్గానికి ఇచ్చిన తేదీ, మీ పిటిషన్ దాఖలైన తేదీ అయిన ప్రయారిటీ డేట్‌ను దాటాలి. ఫీజులు, ఫారాలు, పత్రాలు అన్నీ అందాయని, కేసు ఎంబసీకి వెళ్లేముందు వాటిని సేకరించే విదేశాంగ శాఖ కేంద్రమైన నేషనల్ వీసా సెంటర్ ధ్రువీకరించాలి. ఆ తర్వాతే అపాయింట్‌మెంట్ లెటర్ వస్తుంది.

ఒక హెచ్చరిక. వీసా అందుబాటులోకి వచ్చిందని నోటీసు వచ్చాక ఏడాదిలోపు స్పందించకపోతే కేసును రద్దు చేసే అధికారం చట్టంలో ఉంది. ఏళ్ల తరబడి ఎదురుచూసి, మారిన ఈ-మెయిల్ చిరునామా తెలియజేయని కారణంగా ఆ నోటీసునే చూసుకోకపోవడం కంటే బాధాకరమైన నష్టం ఉండదు. చిరునామా, ఈ-మెయిల్, ఫోన్ మారిన ప్రతిసారీ వెంటనే తెలియజేయండి.

ఆ రోజు లోపల ఏం జరుగుతుంది?

భద్రతా తనిఖీ దాటాక టోకెన్ ఇస్తారు. మొదట ఒక కౌంటర్ దగ్గర సిబ్బంది మీ ఒరిజినల్ పత్రాలను తీసుకుని సరిచూస్తారు, మరోచోట వేలిముద్రలు తీసుకుంటారు, ఆ తర్వాత అధికారి పిలుస్తారు. చాలామంది బల్లకు అటూ ఇటూ కూర్చుని మాట్లాడతారని ఊహించుకుంటారు. నిజానికి అది ఎక్కువచోట్ల బ్యాంకు కౌంటర్ లాగే ఉంటుంది. మధ్యలో మందపాటి అద్దం, మాట వినిపించడానికి చిన్న మైకు, పత్రాలు జారవిడవడానికి అద్దం కింద సన్నటి సందు. కుడి చేయి పైకెత్తి, దరఖాస్తులో రాసినవీ, ఇప్పుడు చెప్పబోయేవీ నిజమేనని ప్రమాణం చేయమంటారు. ఆ క్షణం నుంచి మీ మాటకు చట్టపరమైన బరువు ఉంటుంది. పక్క కౌంటర్ల చప్పుడులో ప్రశ్న సరిగా వినిపించకపోతే మళ్లీ చెప్పమని అడగండి. సగం విన్న ప్రశ్నకు తోచిన జవాబు చెప్పడం కంటే రెండుసార్లు అడగడం ఎంతో మేలు.

ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, పెద్ద సంచులు చాలా ఎంబసీలు లోపలికి అనుమతించవు. కాబట్టి ఫోన్‌లో మాత్రమే ఉన్న ఫోటోలూ సంభాషణలూ సాక్ష్యంగా పనికిరావు. చూపించదలచినవి ముందే ముద్రించి తీసుకెళ్లండి.

ఏ పత్రాలు తప్పనిసరిగా వెంట ఉండాలి?

అపాయింట్‌మెంట్ లెటర్, పాస్‌పోర్టు, డీఎస్-260 నిర్ధారణ పేజీ, నిర్దేశించిన కొలతలో ఫోటోలు, జనన ధ్రువీకరణ పత్రం, వివాహ ధ్రువీకరణ పత్రం, గతంలో పెళ్లిళ్లు జరిగి ఉంటే ప్రతి పెళ్లీ ముగిసినట్టు చూపే విడాకుల తీర్పు లేదా మరణ ధ్రువీకరణ పత్రం, పోలీస్ సర్టిఫికెట్లు, కోర్టు లేదా జైలు రికార్డులు ఏవైనా ఉంటే అవి. నేషనల్ వీసా సెంటర్‌కు స్కాన్ చేసి పంపినవాటన్నింటికీ ఒరిజినళ్లు మీ చేతిలో ఉండాలి. ఇంగ్లీషులో గానీ, ఇంటర్వ్యూ జరిగే దేశపు అధికార భాషలో గానీ లేని పత్రాలకు అనువాదం జతచేయాలి. తనకు ఆ పని చేయగల సామర్థ్యం ఉందనీ, అనువాదం కచ్చితమైనదనీ అనువాదకులు అందులో సంతకం చేసి ధ్రువీకరించాలి.

పోలీస్ సర్టిఫికెట్ల విషయంలో పొరపాట్లు ఎక్కువ. 16 ఏళ్లు నిండినవారంతా ఇవ్వాలి. మీ పౌరసత్వ దేశంలో ఆరు నెలలకు పైగా నివసించి ఉంటే అక్కడిదీ, ప్రస్తుతం మరో దేశంలో ఆరు నెలలకు పైగా ఉంటున్నట్లయితే దానిదీ అవసరం. 16 ఏళ్లు వచ్చాక ఏడాది లేదా అంతకంటే ఎక్కువ కాలం గడిపిన ఇతర దేశాలవి కూడా అడుగుతారు. ఉద్యోగం కోసం విదేశంలో గడిపిన కాలం ఎప్పుడో ముగిసిపోయిందని వదిలేస్తే కేసు అక్కడే ఆగుతుంది. దూరంగా ఉండి వేరే దేశం నుంచి సర్టిఫికెట్ తెప్పించుకోవడానికి నెలలు పట్టవచ్చు గనుక ఆ పని అన్నింటికంటే ముందు మొదలుపెట్టండి.

పత్రాల్లో పేరు, పుట్టిన తేదీ ఒకే రకంగా లేవు. ఏం చేయాలి?

ముందుగా, ఆ తేడాను మీరే కనిపెట్టాలి. పిటిషన్, పాస్‌పోర్టు, జనన ధ్రువీకరణ పత్రం, స్కూలు సర్టిఫికెట్, వివాహ పత్రం ఒకే బల్ల మీద పరిచి, పేరులోని ప్రతి అక్షరాన్నీ, ప్రతి తేదీనీ పోల్చి చూడండి. తల్లి పేరు ఒకచోట పెళ్లికి ముందు ఉన్నట్టూ, మరోచోట తర్వాత ఉన్నట్టూ కనిపించడం చాలా మామూలు సంగతి. అలాంటి తేడా వల్లనే వీసా పోదు. ఇద్దరూ ఒకరేనని చూపే ఆధారం లేకపోతేనే ఇబ్బంది. జననాన్ని ఆలస్యంగా నమోదు చేయించి ఉంటే చిన్ననాటి స్కూలు, ఆసుపత్రి రికార్డులు, ఆ పుట్టుక గురించి స్వయంగా తెలిసిన పెద్దల ప్రమాణ పత్రాలు తోడుగా పెట్టండి. ఇవేవీ సరిపోని సందర్భంలో తల్లి, తండ్రి, బిడ్డ బంధుత్వానికి డీఎన్‌ఏ పరీక్షను అధికారి సూచించవచ్చు. సూచన వచ్చాకే, వారు చెప్పిన పద్ధతిలోనే దాన్ని చేయించాలి; సొంతంగా ముందే చేయించుకున్న పరీక్షలను అంగీకరించరు.

తేడాను కప్పిపుచ్చడానికి కొత్త పత్రం సృష్టించుకోమని సలహా ఇచ్చేవారి మాట దయచేసి వినకండి. అక్షర దోషానికి వివరణ ఉంటుంది. నకిలీ పత్రానికి ఉండదు.

భార్యాభర్తల కేసుల్లో ఎలాంటి ప్రశ్నలు అడుగుతారు?

ఇద్దరూ ఎలా పరిచయమయ్యారు, పెళ్లి ఎప్పుడు, ఎక్కడ జరిగింది, ఎవరెవరు వచ్చారు, పెళ్లి తర్వాత ఎన్నిసార్లు కలుసుకున్నారు, భర్త లేదా భార్య ఏ పని చేస్తారు, అక్కడ ఎవరితో కలిసి ఉంటున్నారు, గతంలో పెళ్లి అయిందా, అయితే అది ఎలా ముగిసింది అని అడుగుతారు. వీటికి సరైన జవాబుల పట్టిక ఏదీ లేదు. పెద్దలు కుదిర్చిన పెళ్లి అయితే అలాగే చెప్పండి. ప్రేమ పెళ్లి అయి ఒకవైపు పెద్దలు రాకపోతే అదీ ఉన్నదున్నట్టు చెప్పండి. అధికారిని ఆలోచనలో పడేసేది పరిస్థితి అసాధారణంగా ఉండటం కంటే, తెలిసి ఉండవలసిన సంగతి తెలియకపోవడం. భర్త గత వివాహం గురించి పిటిషన్‌లో స్పష్టంగా రాసి ఉండగా భార్యకు ఆ విషయమే తెలియదనుకోండి. అప్పుడు వచ్చే తర్వాతి ప్రశ్నలన్నీ కష్టంగానే ఉంటాయి.

అందుకే ఇంటర్వ్యూకు ముందు వారంలో దంపతులిద్దరూ ఫోన్‌లో గానీ, కలిసి గానీ కూర్చుని పిటిషన్‌ను మొదటి పేజీ నుంచి చివరి దాకా చదవాలి. జవాబులు బట్టీ పట్టడానికి కాదు, అందులో రాసినది ఇద్దరికీ తెలిసి ఉండటానికి. ఇద్దరూ కలిసి దిగిన ఫోటోలు, ప్రయాణ టికెట్లు, డబ్బు పంపిన రశీదులు, సంభాషణల ప్రతులు కొద్దిగా ఎంచి, తేదీల వారీగా అమర్చుకోండి. వందల ఫోటోల ఆల్బమ్ కంటే వేర్వేరు కాలాల్లో, వేర్వేరు మనుషుల మధ్య తీసిన పది ఫోటోలు ఎక్కువ చెప్తాయి.

గతంలో వేరే వీసాకు దరఖాస్తు చేసినప్పుడు చెప్పిన జవాబులు ఇప్పుడు బయటికి వస్తాయా?

వస్తాయి. ఈ ఒక్క విషయం మీద శ్రద్ధ పెట్టమని నేను అన్నింటికంటే ముందు చెప్పాలనుకుంటాను. పర్యాటక, విద్యార్థి వీసాల కోసం నింపిన డీఎస్-160లో పెళ్లయిందా, అమెరికాలో దగ్గరి బంధువులున్నారా, మీ తరఫున ఎవరైనా వలస పిటిషన్ వేశారా అన్న ప్రశ్నలు ఉంటాయి. అప్పట్లో ఏజెంటు ఎవరో నింపి పెట్టి, పిటిషన్ ఉన్నా లేదని రాసి ఉంటే ఆ జవాబు రికార్డులో అలాగే ఉంటుంది. దాన్ని తెలిసి చెప్పిన అబద్ధంగా, వీసా నిర్ణయాన్ని ప్రభావితం చేసేదిగా అధికారి నిర్ధారిస్తే వలస చట్టంలోని 212(ఏ)(6)(సి) సెక్షన్ కింద శాశ్వత అనర్హత రావచ్చు. పాత దరఖాస్తుల ప్రతులు వెతికి చదవండి. తప్పు కనిపిస్తే ఇంటర్వ్యూకు ముందే వలస చట్టం తెలిసిన న్యాయవాదితో మాట్లాడి, అడిగినప్పుడు అసలు జరిగిందేమిటో చెప్పండి. పాత తప్పును కొత్త అబద్ధంతో సమర్థించుకోవడం వల్ల పరిస్థితి మరింత బిగుస్తుంది. గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల వివరాలను 2019 నుంచి దరఖాస్తులో అడుగుతున్నారు గనుక, అక్కడ కనిపించే జీవితమూ దరఖాస్తులో రాసిన జీవితమూ వేర్వేరుగా ఉండకూడదు.

ఐ-864 అఫిడవిట్ గురించి దరఖాస్తుదారుకు ఎంత తెలిసి ఉండాలి?

స్పాన్సర్ ఎవరు, ఏం చేస్తారు, వారి ఇంట్లో ఎంతమంది ఉన్నారు అన్నంత వరకైనా తెలియాలి. స్పాన్సర్ ఆదాయం కుటుంబ పరిమాణాన్ని బట్టి అమెరికా ప్రభుత్వం నిర్ణయించే పేదరిక మార్గదర్శక స్థాయిలో కనీసం 125 శాతం ఉండాలి. సైన్యంలో ఉంటూ జీవిత భాగస్వామి కోసమో, బిడ్డ కోసమో పిటిషన్ వేసినవారికి 100 శాతం చాలు. ఆదాయం తక్కువైతే అమెరికాలో నివసించే మరో పౌరుడు లేదా గ్రీన్ కార్డుదారు జాయింట్ స్పాన్సర్‌గా రావచ్చు. అప్పుడు కూడా పిటిషనర్ తన ఐ-864 తాను ఇచ్చి తీరాలి. పాత ఏడాది పన్ను పత్రాలతో ఫైలు వేసి, ఇంటర్వ్యూ నాటికి కొత్త ఏడాది రిటర్న్ దాఖలై ఉంటే దాని ప్రతి, ఇటీవలి జీతం స్లిప్పులు తీసుకెళ్లండి.

స్పాన్సర్‌గా సంతకం చేసేవారు కూడా ఒకటి గ్రహించాలి. అది మర్యాద కోసం చేసే సంతకం కాదు. వచ్చినవారు అమెరికా పౌరులయ్యేదాకా, లేదా వారి ఖాతాలో 40 త్రైమాసికాల పని చేరేదాకా, లేదా వారు మరణించేదాకా, లేదంటే శాశ్వత నివాసం వదులుకుని దేశం విడిచేదాకా ఆ బాధ్యత ఉంటుంది. విడాకులైనా అది తొలగదు.

వైద్య పరీక్ష ఎక్కడ చేయించుకోవాలి?

ఎంబసీ గుర్తించిన ప్యానెల్ డాక్టర్ల దగ్గరే. 15 ఏళ్లు నిండినవారికి ఛాతీ ఎక్స్‌రే, క్షయ ఎక్కువగా ఉన్న దేశాల్లో 2 నుంచి 14 ఏళ్ల పిల్లలకు క్షయ రక్త పరీక్ష, వయసును బట్టి టీకాలు ఉంటాయి. క్షయ అనుమానం వస్తే కఫ పరీక్షకు వారాలు పడుతుంది కాబట్టి చివరి రోజుకు పెట్టుకోకండి. సీలు వేసిన కవరు ఇస్తే తెరవకూడదు. హెచ్‌ఐవీ ఉన్నదన్న కారణంతో వీసా నిరాకరించడం 2010 జనవరి 4తో ముగిసింది. పాత టీకా రికార్డులు, జరిగిన ఆపరేషన్ల వివరాలు, వాడుతున్న మందుల చీటీలు వెంట ఉంటే మంచిది. మత్తుపదార్థాల వాడకం, మానసిక చికిత్స వంటి విషయాల్లో డాక్టరుకు చెప్పినదీ అధికారిక రికార్డులోకే వెళ్తుందని గుర్తుంచుకోండి.

పిటిషనర్ కూడా రావాలా? ఇంగ్లీషు రాకపోతే ఎలా?

పిటిషనర్ రావాలన్న నియమం సాధారణంగా లేదు. వచ్చినా లోపలికి అనుమతించాలా లేదా అన్నది ఆయా ఎంబసీల పద్ధతిని బట్టి ఉంటుంది. ఇంగ్లీషు రాకపోవడం అనర్హత కానే కాదు. మీకు ఏ భాష బాగా వచ్చో ముందే చెప్పండి, ఆ ఎంబసీలో ఆ భాషకు ఏ ఏర్పాటు ఉందో అపాయింట్‌మెంట్ సూచనల్లో చూసుకోండి. వచ్చీరాని ఇంగ్లీషులో తప్పు జవాబు చెప్పడం వల్లనే నష్టం.

బిడ్డకు 21 ఏళ్లు నిండబోతున్నాయి, లేదా పెళ్లి కుదిరింది. కేసుకు ఏమవుతుంది?

వయసు విషయంలో 2002 నాటి బాలల స్థితి రక్షణ చట్టం కొంత ఆసరా ఇస్తుంది. తల్లో తండ్రో అమెరికా పౌరులై ఉండి వేసిన పిటిషన్‌లో, అది దాఖలైన రోజున ఉన్న వయసే లెక్క. ప్రాధాన్య వర్గాల్లో వీసా అందుబాటులోకి వచ్చిన నాటి వయసులోంచి, పిటిషన్ ఆమోదానికి పట్టిన కాలాన్ని తీసేసి లెక్కిస్తారు. ఏడాదిలోపు వీసా కోసం తగిన చర్య కూడా తీసుకుని ఉండాలి.

పెళ్లి విషయంలో అలాంటి ఆసరా లేదు. గ్రీన్ కార్డుదారు కొడుకుకో కూతురికో పెళ్లయితే ఆ పిటిషన్ రద్దవుతుంది, ఎందుకంటే పెళ్లయిన సంతానం కోసం గ్రీన్ కార్డుదారులకు ఏ వర్గమూ లేదు. పౌరుల పెళ్లికాని సంతానం పెళ్లి చేసుకుంటే, పౌరుల పెళ్లయిన సంతానానికి ఉన్న ఎఫ్3 వర్గంలోకి మారి మళ్లీ చాలా ఏళ్లు ఆగవలసి రావచ్చు. ఎఫ్4 వంటి ప్రాధాన్య వర్గాల్లో తల్లి లేదా తండ్రి కేసుకు అనుబంధంగా వెళ్తున్న బిడ్డ పెళ్లి చేసుకున్నా ఆ అర్హత పోతుంది. వీసా చేతికొచ్చాక, అమెరికాలో అడుగుపెట్టకముందు పెళ్లి చేసుకున్నా ఆ వీసా చెల్లదు. ఇంట్లో ముహూర్తం పెట్టుకునే ముందు ఈ సంగతి అందరికీ తెలియాలి.

మరొకటి కూడా ఇక్కడే చెప్పాలి. అమెరికా పౌరులు తల్లిదండ్రుల కోసం వేసిన పిటిషన్‌లో, ఇంకా చదువుకుంటున్న చిన్న తమ్ముడో చెల్లెలో అనుబంధంగా రాలేరు. వారికి వేరే పిటిషన్ వేయాలి.

పిటిషన్ వేసినవారు మరణిస్తే?

ఆమోదం పొందిన పిటిషన్ మామూలుగా రద్దవుతుంది. అమెరికా పౌరుల భార్య లేదా భర్త విషయంలో మాత్రం అది వితంతువు లేదా విధురుల పిటిషన్‌గా మారుతుంది. మిగిలిన వర్గాలవారు మానవతా కారణాలపై పునరుద్ధరణ కోరవచ్చు, అయితే అందుకు అర్హత గల మరో బంధువు స్పాన్సర్‌గా నిలవాలి. ఎంబసీకి తెలియజేయకుండా ఇంటర్వ్యూకు వెళ్లకండి.

221(జి) కాగితం ఇచ్చారు. వీసా రాదనేనా?

కాదు. అధికారికి ఇంకా ఏదో కావాలని, లేదా పరిశీలన ముగియలేదని దాని అర్థం. చట్టం లెక్కలో అది నిరాకరణే అయినా, కోరిన పత్రం అందించాక చాలా కేసులు ముందుకు సాగుతాయి. కాగితం మీద ఏ గడిలో టిక్కు పెట్టారో చూసి, అడిగినది మాత్రమే, చెప్పిన మార్గంలోనే పంపండి. ఏడాదిలోపు పంపకపోతే మళ్లీ దరఖాస్తు చేసి, మళ్లీ ఫీజు కట్టవలసి వస్తుంది. పరిపాలనా పరిశీలనలో ఉందని చెప్తే దానికి నిర్ణీత గడువు లేదు. ఆ కాలంలో వైద్య పరీక్ష గడువు, పోలీస్ సర్టిఫికెట్ల గడువు దాటిపోతే మళ్లీ చేయించుకోవాలి.

పూర్తిగా నిరాకరిస్తే అప్పీలు ఉంటుందా?

కాన్సులర్ అధికారి నిర్ణయం మీద మామూలు అర్థంలో అప్పీలు లేదు. కోర్టులు కూడా చాలా అరుదుగా తప్ప అందులో జోక్యం చేసుకోవు. అమెరికా పౌరులకు తమ జీవిత భాగస్వామిని దేశంలోకి రప్పించుకునే ప్రాథమిక రాజ్యాంగ హక్కు లేదని అమెరికా సుప్రీంకోర్టు 2024 జూన్ 21న మున్యోజ్ కేసులో తీర్పు చెప్పింది. అయితే దారులన్నీ మూసుకుపోయినట్టు కాదు. ఏ సెక్షన్ కింద నిరాకరించారో రాతపూర్వకంగా ఇస్తారు. కొన్ని అనర్హతలకు ఐ-601 ఫారంతో మినహాయింపు కోరవచ్చు, కొన్నింటికి కాలమే పరిష్కారం. అమెరికాలో 180 రోజులకు మించి, ఏడాది లోపు అక్రమంగా ఉండి వెళ్లిపోయినవారికి మూడేళ్లు, ఏడాది లేదా ఆపైన ఉన్నవారికి పదేళ్ల నిషేధం ఉంటుంది. పిటిషన్ మీదే అనుమానం వస్తే దాన్ని పునఃపరిశీలనకు వలస సేవల విభాగానికి తిప్పి పంపుతారు. అక్కడి నుంచి నోటీసు వచ్చినప్పుడు పిటిషనర్ ఆధారాలతో గడువులోపు జవాబివ్వాలి.

ఉద్యోగం మానేయడం, టికెట్లు కొనడం ఎప్పుడు?

పాస్‌పోర్టులో వీసా అతికించి మీ చేతికి వచ్చి, అందులోని పేరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయని చూసుకున్నాక. ఆమోదించామని కౌంటర్ దగ్గర నోటిమాటగా చెప్పినా అప్పటిదాకా ఆగండి. ఇల్లు అమ్మడం అంతకంటే పెద్ద నిర్ణయం, దానికి అసలే తొందరపడకండి.

వీసా వచ్చాక ఏం గుర్తుంచుకోవాలి?

వలస వీసా గడువు గరిష్ఠంగా ఆరు నెలలు, వైద్య పరీక్ష పాతదైతే అంతకంటే తక్కువ. ఆలోగా అమెరికాలో ప్రవేశించాలి. ప్రధాన దరఖాస్తుదారు ముందుగా, లేదా కుటుంబంతో కలిసి వెళ్లాలి. వీసా ఫీజు 325 డాలర్లు, అఫిడవిట్ పరిశీలన ఫీజు 120 డాలర్లు ముందే కట్టి ఉంటారు. ఇవి కాక గ్రీన్ కార్డు తయారీకి 235 డాలర్ల ఫీజును ఆన్‌లైన్‌లో విడిగా కట్టాలి. కార్డు వచ్చేలోపు, ప్రవేశ ముద్ర పడిన వీసాయే ఏడాది పాటు శాశ్వత నివాసానికి రుజువుగా పనిచేస్తుంది.

దంపతులు ఇంకో తేదీ రాసుకోవాలి. అమెరికాలో ప్రవేశించిన రోజుకు పెళ్లయి రెండేళ్లు నిండకపోతే షరతులతో కూడిన రెండేళ్ల కార్డు ఇస్తారు. దాని గడువు ముగియడానికి ముందు 90 రోజుల్లో, ఆ షరతులు తొలగించమని కోరే ఐ-751 ఫారం దాఖలు చేయాలి. పెళ్లయి రెండేళ్లు నిండడానికి కొద్ది రోజులే ఉంటే, వీసా గడువు అనుమతించిన మేరకు ప్రయాణాన్ని ఆ తర్వాతికి జరుపుకోవడం వల్ల ఈ దశ మొత్తం తప్పుతుంది. వీసా మీద షరతులతో కూడిన నివాసాన్ని సూచించే సీఆర్1 అని ఉన్నా, ప్రవేశం దగ్గర వివాహ ధ్రువీకరణ పత్రం చూపి షరతులు లేని ఐఆర్1గా మార్చమని అక్కడి అధికారిని అడగాలి.